తెప్ప మీద లేని కెప్టెన్

రెండు వందల ఏళ్ల కిందటి యూరప్ రొమాంటిక్ చిత్రకళ అనగానే తుఫానులు, శిథిలాలు, వెన్నెల గుర్తొస్తాయి. అంతా భావావేశమే, రాజకీయం ఏముందిలే అనుకుంటాం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ‘మెడూసా తెప్ప’ అనే బొమ్మ ముందు నిలబడితే ఆ మాట అనలేం.

1816 జులైలో ఫ్రెంచి యుద్ధనౌక మెడూసా ఆఫ్రికా పడమటి తీరాన ఇసుక మేటలో ఇరుక్కుంది. బ్రిటన్ తిరిగి ఇచ్చేస్తున్న సెనెగల్‌ను స్వాధీనం చేసుకోవడానికి బయల్దేరిన ఓడ అది. కెప్టెన్ షోమరే ఇరవై ఏళ్లకు పైగా ఓడ నడిపిన పాపాన పోలేదు. నెపోలియన్ పోయి మళ్లీ రాజులొచ్చారు, ఈయన రాజభక్తుడు. ఆ అర్హత సరిపోయింది. పడవలు చాలకపోతే పెద్దలు వాటిల్లో సర్దుకుని, దాదాపు 150 మందిని దుంగలు కట్టిన తెప్ప మీదికి దించి, కొంతదూరం లాగి తాడు వదిలేశారు. 13 రోజులకు మిగిలింది 15 మంది. శవాల మాంసం తిని బతికారు.

ఈ కథను ఫ్రెంచి చిత్రకారుడు జెరికో దాదాపు ఐదు మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల వెడల్పు బొమ్మగా వేశాడు. ఆసుపత్రి నుంచి శవాల అవయవాలు తెచ్చుకుని మరీ అధ్యయనం చేశాడు. అయినా ఒక అసంబద్ధత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: తిండి లేక మాడినవాళ్లకు ఆ పహిల్వాన్ల కండలేమిటి? నా దృష్టిలో అసలు రాజకీయం అక్కడే ఉంది. రాజులకూ పురాణ వీరులకూ దక్కే కొలతలు, దేహాలు మామూలు నావికులకిచ్చాడు. కెప్టెన్‌కు బొమ్మలో చోటే లేదు. కింద ఎడమవైపు, చనిపోయిన కుర్రాణ్ణి ఒళ్లో పెట్టుకున్న ముసలాయన దూరాన కనిపిస్తున్న, కాపాడే ఓడ వైపు కన్నెత్తి చూడడు. అందరికంటే పైన, పీపా మీద నిలబడి గుడ్డ ఊపుతున్నవాడు నల్లజాతి మనిషి. బానిస వ్యాపారం చాటుమాటుగా ఇంకా సాగుతున్న రోజులవి.

1819 ప్రదర్శనలో దీనికి పెట్టిన పేరు ‘ఓడ ప్రమాద దృశ్యం’ మాత్రమే. ఏ ఓడో పారిస్‌లో చెప్పాల్సిన పని లేకపోయింది.

తెప్ప మీద బోర్లా పడున్న ఒక మనిషికి మోడల్‌గా ఉన్న యువకుడు దెలాక్రువా. ఫ్రాన్స్‌లో జరిగిన 1830 తిరుగుబాటు మీద ‘ప్రజలను నడిపిస్తున్న స్వేచ్ఛ’ వేసింది ఆయనే. ఆ తిరుగుబాటు పుణ్యమా అని గద్దెనెక్కిన ప్రభుత్వం 3,000 ఫ్రాంకులిచ్చి దాన్ని కొంది. వీధుల్లో మళ్లీ గొడవలు మొదలయ్యేసరికి కనపడకుండా దాచింది. చివరికి గీసినవాడి దగ్గరికే తిప్పి పంపేసింది.