హస్తవాసికి మించిన కొలమానం ఉందా?

కిడ్నీ మార్పిడి ఆపరేషన్ ఎంత బాగా జరిగిందో కొలవడానికి ప్రపంచంలో పెద్ద పెద్ద డాక్టర్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. అనవసర శ్రమ. చెన్నై గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల లాడ్జీల్లో దిగే మన నెల్లూరు, చిత్తూరు చుట్టాలు ఆ పని ఎప్పుడో పూర్తిచేశారు. బావ ఆపరేషన్‌కని నెలన్నర అక్కడే కాపురం ఉన్నవాణ్ణి కాబట్టి, ఆ శాస్త్రాన్ని లోకానికి అందించడం నా బాధ్యత.

మొదటి కొలత ఆస్పత్రి నేల. మా మామయ్య లోపలికి అడుగుపెడుతూనే కిందకి చూసి, "గ్రానైట్ చూశావట్రా? నేలకే ఇంత పెట్టినవాళ్ళు లోపల సరిగ్గా కుట్టరా?" అన్నారు. రెండోది హస్తవాసి. సర్జన్‌గారిది గొప్ప హస్తవాసి అని మాకు చెప్పింది సెంట్రల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కించుకున్నాయన. ఇంతకంటే స్వతంత్రమైన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

నాకే బుద్ధిలేక కౌంటర్ దగ్గర అడిగాను. మీరు పెట్టిన కిడ్నీల్లో ఏడాది తర్వాత ఎన్ని పనిచేస్తున్నాయి? మొదటి వారంలోనే ఎందరికి మళ్ళీ డయాలసిస్ పెట్టాల్సి వచ్చింది? మూత్రనాళం అతికిన చోట ఎందరికి లీకైంది, రక్తనాళంలో గడ్డకట్టింది ఎందరికి, నెల తిరక్కుండా మళ్ళీ చేరింది ఎందరు? కౌంటర్ అమ్మాయి ఓపిగ్గా విని, "అటెండర్‌కి బ్రేక్‌ఫాస్ట్ ప్యాకేజీలోనే సార్" అంది.

అమెరికాలో ఈ లెక్కలన్నీ ఆస్పత్రివారీగా ఆర్నెల్లకోసారి బయటపెడతారు. రోగి వయసు, షుగరు లాంటివి చూసి ఇన్ని కిడ్నీలు నిలవాలి అని అంచనా కట్టి, నిజంగా నిలిచినవాటిని దాని పక్కన పెడతారు. 2007లో, ఫలితాలు మరీ తగ్గితే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ గుర్తింపే పోయేలా నిబంధన తెచ్చారు. దాంతో కొందరు కష్టమైన కేసులకీ, కాస్త అనుమానంగా ఉన్న కిడ్నీలకీ దణ్ణం పెట్టేశారు. 2019లో ఆ నిబంధన ఎత్తేశారు. మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీల్ని అడిగితే ముందే చెప్పేవాళ్ళు కదా: ర్యాంకు వచ్చే పిల్లల్నే చేర్చుకుంటే ర్యాంకులు అవే వస్తాయని!

ఇక ఆపరేషన్ రోజు. ఐసీయూ అద్దంలోంచి చూస్తే బావ మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగ్ ఒక్కటే కనిపించేది. గంటకోసారి నర్సమ్మ వంగి, గీతలున్న ప్లాస్టిక్ జగ్గులోకి వంచి, కళ్ళకి ఎదురుగా పెట్టుకు చూసి కాగితం మీద రాసేది. ఆ భవనం మొత్తంలో అబద్ధం చెప్పనిది ఆ జగ్గే అనిపించింది నాకు. మామయ్య మాత్రం ఊరికి ఫోన్ చేసి క్రికెట్ స్కోరులా చదివారు: "మూడొందలు! ఈ గంటకి మూడొందల యాభై!"

అంత ఆనందంలోనూ ఆయన్ని ఒక అనుమానం పీడించింది. పాత కిడ్నీలు తియ్యలేదట! మామూలుగా వాటిని అక్కడే ఉంచి, కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెడతారని చెప్పినా వినలేదు. "సగం పని చేసి పూర్తి బిల్లేశారు" అని నాణ్యతలో ఒక మార్కు కోసేశారు.

నెల దాటాక, మూత్రనాళం అతికిన చోట పెట్టిన స్టెంట్ గొట్టం తీసిన రోజు బావ చేతికి ట్యాబ్ ఇచ్చారు. అయిదు బొమ్మ ముఖాలు, ఏడుపు నుంచి నవ్వు దాకా. పార్కింగ్ ఎలా ఉంది, సెక్యూరిటీ మర్యాదగా మాట్లాడాడా, అన్నిటికీ మామయ్యే పక్కనుంచి నవ్వు ముఖం నొక్కించారు.

కిడ్నీ ఇచ్చిన మా అక్క వెనక నిలబడి ఉంది, బావ మందుల సంచీ పట్టుకుని. ఆపరేషనైన పన్నెండో రోజు నుంచే లాడ్జి గదిలో ఇండక్షన్ స్టవ్ మీద ఉప్పు తక్కువ చారు కాస్తోంది. ఇచ్చినవాళ్ళకీ ఏటా బీపీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలని చదివి, ఆవిడ ఫైలు ఏదని ఆస్పత్రివాళ్ళని అడిగాను.

"సార్ ఫైల్లోనే ఉంటుంది, వెనకాల చూడండి" అన్నారు.