బీరువా తాళం ఎవరి దగ్గర?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుకి దగ్గర్లో ఉన్న గుణుపురం పక్కన ఒక ప్రభుత్వ బడి. ఎండలకి ఒంటిపూట బడి పెట్టారు. పొద్దున్న ఆరున్నరకి గంట, పదిన్నరకి ఇంటికి. లైబ్రరీ గది తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది: సెలవులకు ముందు పుస్తకాలన్నీ వాపసు చేయాలని. అచ్చు ఒడియాలో ఉంది, దాని కింద బాల్‌పెన్నుతో ఎవరో తెలుగులో కూడా రాశారు. వరసలో నిలబడ్డ ఆరో తరగతి పాప చేతిలో అట్ట ఊడిన తెలుగు కథల పుస్తకం. "ఇంకా సగమే అయింది మేడం, ఇంటికి అట్టుకెల్లిపోనా?" అని అడిగింది. "ఇప్పుడు కాదమ్మా, బడి తెరిచాక తీసుకుందువు గాని" అన్నారు లైబ్రేరియన్. పాప పుస్తకం బల్ల మీద పెట్టి, తాను ఆగిన పేజీ నంబరు అరచేతి మీద రాసుకుని వెళ్లిపోయింది.

బడి నడిచినన్నాళ్లూ పిల్లలకి పాఠాలు, ట్యూషన్లు, పరీక్షలు. లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, దాన్ని లెక్కల మాస్టారు పట్టుకుపోతారు. తీరా చేతినిండా తీరిక దొరికే నెలన్నరలో పుస్తకాలు బీరువాలోకి, బీరువా తాళం హెడ్మాస్టారి సొరుగులోకి. ఇంత తలకిందుల ఏర్పాటు ఎవరూ కావాలని చేసి ఉండరు. ఎవరూ మార్చాలని అనుకోకపోవడమే చిత్రం.

ఎందుకిలా అని అడిగితే హెడ్మాస్టరు దాచుకోకుండానే చెప్పారు. "పది పుస్తకాలు పోతే ఆడిట్‌వాళ్లకి ఎవరు జవాబు చెప్పాలండీ? నా జీతంలోంచి పట్టుకుంటే?" ఆయన భయాన్ని మేము తప్పు పట్టం. పోయిన పుస్తకానికి రికవరీ రాయడం మన కార్యాలయాల్లో ఎంత సులువో, ఎవరూ చదవని పుస్తకానికి సంజాయిషీ అడగడం అంత అపురూపం. పదేళ్లు బీరువాలో ఉండి చెదలు తిన్న పుస్తకం రిజిస్టర్లో భద్రంగానే ఉంటుంది. చదివి చదివి చిరిగిన పుస్తకమే లెక్క తప్పుతుంది.

అయితే ఈ భయానికి సర్కారు పుస్తకంలోనే మందు ఉంది. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ నిబంధన గ్రంథాలయాల గురించి. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన, వారు సంప్రదించిన ప్రతి 1,000 పుస్తకాలకీ 5 పోతే దాన్ని సహజమైన నష్టంగానే తీసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. నిజాయితీ లోపం, నిర్లక్ష్యం లేకపోతే చాలు. 1,000 రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో అయితే మాత్రం విచారణ తప్పదు. పిల్లల కథల పుస్తకం ఆ ధరకి ఆమడ దూరంలో ఉంటుంది. ఒక బడిలో ఏడాదికి 2,000 సార్లు పుస్తకాలు చేతులు మారాయనుకుందాం, 10 పోయినా పేచీ లేదన్నమాట. ఆ నిబంధన కేంద్రం కొలువులకి సంబంధించినదే, కాదనం. దాని స్ఫూర్తితో జిల్లా విద్యాధికారి ఒక పేజీ ఉత్తర్వు ఇవ్వడానికి అడ్డేముంది? రాయగడ, గజపతి, కొరాపుట్, గంజాం జిల్లాల్లో ఆ ఒక్క పేజీ కోసం ఎన్ని బీరువాలు మూతపడి ఉన్నాయో లెక్క తీయమని అడుగుతున్నాం.

ఆ బడి లైబ్రేరియన్ వేసవి పనుల చిట్టా మేము చూశాం. పాత ఇష్యూ రిజిస్టరు వెనక అట్ట మీద రాసుకున్నారు. మొదటిది స్టాక్ వెరిఫికేషన్. అందులో పెద్ద విశేషమేముంది అనుకుంటూనే, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్ తిప్పాం. ఒకచోట ఒకటిన్నర పేజీ నిండా పుస్తకం పేరు ఉండాల్సిన గడిలో 'తెలుగు బుక్' అని ఒకసారి రాసి, దాని కింద వరసగా డిటో గుర్తులు. ఆ రోజుల్లో రాసినవారికి తెలుగు చదవడం రాదు పాపం. ధర గడి మాత్రం పక్కాగా ఉంది, అంకెలు కదా! ఆ డిటో గుర్తుల వెనక ఏ పుస్తకం ఉందో, ఏది లేదో ఎవరికీ తెలీదు. కాబట్టి ఆమె చేయబోయేది తనిఖీ ఒక్కటే కాదు. ఒక్కో పుస్తకం బయటికి తీసి, దుమ్ము దులిపి, దాని పేరు దానికి తిరిగి ఇవ్వాలి. తెలుగులో ఒకసారి, ఒడియా లిపిలో ఒకసారి. తరవాత వచ్చేవారికి తెలుగు రాకపోయినా పుస్తకం తప్పిపోకుండా.

చిట్టాలో రెండోది మరమ్మతు. బైండింగుకి పంపితే బిల్లు పాసయ్యేసరికి ఏడాది తిరుగుతుంది. అందుకని ఆమె మైదా జిగురు ఉడికించుకుని, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, పాత క్యాలెండరు అట్టలతో తానే అతికిస్తారు. కలరా ఉండలు ఇంటినుంచే తెచ్చుకుంటారు. మూడోది విశాఖ ప్రయాణం, గుణుపురం ప్యాసింజర్‌లో. ఈ రైలు దారిది ఒక కథ. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వచ్చింది. 2004లో ఆ చిన్న పట్టాలు ఆగిపోయి, బ్రాడ్‌గేజ్ అయి, 2011 నాటికి మళ్లీ గుణుపురం చేరాయి. మనుషులకీ జీడిపిక్కలకీ దారి దొరికింది. తెలుగు పిల్లల పుస్తకాలకి మాత్రం ఇప్పటికీ లైబ్రేరియన్ చేతిసంచీయే గూడ్సు బండి. సొంత డబ్బుతో ఏడాదికి పాతికో ముప్పయ్యో కొని తెస్తారు. బడి డబ్బుతో కొనచ్చు కదా అంటే నవ్వారు.

బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ గ్రాంటుకి వీలుంది. వచ్చే కట్టలు మాత్రం పైనుంచి కట్టిన కట్టలు, వాటిలో తెలుగు పుస్తకం కనబడితే ఆ రోజు పండగే. రాయగడ పక్కన జేకేపూర్‌లో 1960ల నుంచి కాగితం మిల్లు నడుస్తోంది. మన కొండల వెదురు, మన నీలగిరి దుంగలు కాగితమై దేశమంతా వెళ్తాయి. ఆ కాగితం తెలుగు అచ్చు వేసుకుని మన పిల్లల దగ్గరికి తిరిగి రావడానికే ఇంత ప్రయాస.

నాలుగోది అసలైన పని. సాయంత్రం అయిదు దాటాక, ఎండ వాలాక, తెలుగు వీధిలోని రామమందిరం అరుగు మీద రోజూ గంటసేపు పుస్తకాలు పరిచి కూర్చోవడం. చదవగలిగినవాళ్లు చదువుతారు, రానివాళ్లకి చదివి వినిపిస్తారు, పట్టుకెళ్తామన్నవాళ్లకి ఇచ్చి పంపుతారు. ఇందుకే ఆమెకు బడి పుస్తకాలు కావాలి, ఇందుకే హెడ్మాస్టరు తాళం ఇవ్వడం లేదు. చిట్టా చివర్లో ఒక పంక్తి ఉంది. 'పది రోజులు అమ్మ దగ్గర. ఏ పనీ చేయకూడదు.' దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ఆ గీతలు మాకు నచ్చాయి.

అరుగు మీద గంటసేపు కూర్చోవడంలో ఏముందని పెదవి విరిచేవారికి సరిహద్దు జిల్లాల సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ తెలుగు ఇంట్లో ఉంది, వీధిలో ఉంది, సంతలో ఉంది, పెళ్లి పాటలో ఉంది. బళ్లో చాలామందికి లేదు. ఒడియా మీడియంలో చదివే తెలుగు పిల్లలు తెలుగు మాటని ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. అదే బడి ఇష్యూ రిజిస్టరులో ఓ అబ్బాయి తెలుగు పుస్తకం పేరు ఒక్క తప్పు లేకుండా రాశాడు, ఒడియా లిపిలో! వాడికి భాష వచ్చు, అక్షరమే రాదు. పేజీ మీద ఒక సున్నా చుట్టి ఇదేమిటంటే తెలుగు బడి పిల్లాడు పూర్ణానుస్వారం అంటాడు, ఒడియా బడి పిల్లాడు 'ఠ' అంటాడు. ఇద్దరూ ఒకే వీధిలో గోలీలాడుకునేవాళ్లే. ఇలాంటి పిల్లలకి అక్షరాలు కొత్తగా నేర్పడానికి ఏళ్లు పట్టదు. మాట ముందే నోట్లో ఉంది కాబట్టి ఒక వేసవి, కొన్ని బొమ్మల పుస్తకాలు, ఓపికున్న ఒక మనిషి ఉంటే పని చాలావరకు అవుతుంది. అందుకే బడి నడిచే రోజులకన్నా ఈ నెలన్నరే మనకి విలువైనది.

ఈ పని ఈ నేలకి కొత్తా కాదు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు వెంకట రామమూర్తి ఊళ్లోకి వచ్చే సవరల మాట విని, నేర్చుకుని, ఆ భాషకి వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, పర్లాకిమిడిని అందులో కలపడం సమ్మతించక ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడాది ఈ గుణుపురం వైపే మంగేయి గొమాంగో సవర భాషకి సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారు. ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేసి ఉపన్యాసాలు చెప్పుకునే మనవాళ్లు ఒక్కటి గుర్తుంచుకుంటే బాగుండును: ఆయన తన భాష కోసం ఎంత కొట్లాడారో పక్కింటి భాష కోసం అంత శ్రమపడ్డారు. అరుగు మీద తెలుగు పుస్తకాల పక్కన సవర పుస్తకాలు, ఇక్కడి కొండవాళ్ల ఇంకో భాష కువి పుస్తకాలు కూడా పరవాలనీ, ఒడియా పుస్తకాన్ని శత్రువులా చూడొద్దనీ లైబ్రేరియన్ అనుకుంటున్నారు. ఆ మాటలో మన తెలుగు సంఘాల నాయకులు నేర్చుకోవలసింది కొంత ఉంది.

చట్టం మాట కూడా చూద్దాం. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. బడి గ్రంథాలయాలు, ముఖ్యంగా పల్లెల్లో, బడి లేని వేళల్లో కూడా ఊరికి ఉపయోగపడాలని జాతీయ విద్యా విధానం 2020లో ఉంది. అంటే అరుగు మీద పుస్తకాలు పరచడం ఒక లైబ్రేరియన్ చాదస్తమేం కాదు, ప్రభుత్వం తాను చేస్తానని రాసుకున్న పని. 1935లోనే కృష్ణా కాలువ మీద కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య పడవలో గ్రంథాలయం నడిపిన జాతి మనది. పడవకి దొరికిన అనుమతి సంచీకి దొరకదా?

ఇంతా చెప్పి, ఆమె సెలవులని అప్పనంగా వాడుకోమని మేము అనడం లేదు. మన సమాజానికి ఒక దురలవాటు ఉంది. జీతం లేని పనిని సేవ అంటాం, చేసినవారికి శాలువా కప్పి ఫొటో తీసి పంపేస్తాం. బడుల్లో అసలు లైబ్రేరియన్ పోస్టే లేక, తెలుగు పండితుడికో డ్రిల్ మాస్టారికో ఆ తాళాల గుత్తి అదనంగా తగిలించిన చోట్లు కూడా మా కంటపడ్డాయి. వేసవిలో పనికి పిలిస్తే, కోల్పోయిన సెలవుకి బదులు ఆర్జిత సెలవు జమ చేయడం సర్వీసు నిబంధనల్లో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతే. ఎన్నికల పనికి, జనాభా లెక్కలకి వర్తించినది పుస్తకాలకి ఎందుకు వర్తించకూడదు? రాతపూర్వకంగా డ్యూటీ వేయండి, ఆ ఆర్జిత సెలవు ఇవ్వండి, ఆ పది రోజుల జోలికి పోకండి. కొనుగోలు గ్రాంటులో తెలుగు వాటాని బడిలో చదివే తెలుగు పిల్లల లెక్కని బట్టి బడికే వదిలేయండి. శ్రీకాకుళం, విశాఖ దుకాణాల బిల్లు చెల్లదనే మడత పేచీ తీసేయండి.

తల్లిదండ్రులకీ ఒక మాట. వేసవిలో అమ్మమ్మగారి ఊరు, అంటే పాతపట్నమో టెక్కలో ఇచ్ఛాపురమో వెళ్లే పిల్లలు మన వీధుల్లో తక్కువేం లేరు. మహేంద్రతనయ నది దాటితే అవతల తెలుగు బళ్లే. అక్కడి బంధువుల పిల్లలు చదివేసిన వాచకాలు, పిల్లల పత్రికలు తిరుగు ప్రయాణంలో మామిడిపండ్ల బుట్టతోపాటు తెస్తే, చిత్తు కాగితాలవాడికి కిలోల లెక్కన పోయేవి ఇక్కడ నాలుగేళ్లు చదువుతారు.

ఉత్తర్వు రావాలంటే చివరి గంట కొట్టేలోపే రావాలి. లైబ్రేరియన్ మాత్రం దానికోసం ఆగేలా లేరు. విశాఖలో కొనబోయేవి ఆమె సొంతం, వాటికి రిజిస్టరూ లేదు, రికవరీ లేదు. అరుగు ఎలాగూ మొదలవుతుంది. అరచేతి మీద పేజీ నంబరు రాసుకున్న పాప కూడా వస్తానంది. ఆ పాప సగం చదివిన పుస్తకం రెండో బీరువాలో, పై అరలో ఉంది.