బెండకాయా, దీర్ఘాయుష్మాన్ భవ!

పెరట్లో మొక్కలు వేసేది కూరగాయల కోసమేనని లోకంలో ఒక అపోహ పాతుకుపోయి ఉంది. కాయ తయారవగానే కోసేసేవాడు రైతు. పెరటితోట యజమాని తీరే వేరు. కాయను చూస్తాడు, ఫొటో తీస్తాడు, వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు, కోయబోయిన చేతిని పట్టుకుని “ఇంకొంచెం పెరగనీ” అంటాడు. ఇంతటి భూతదయకు తగిన గుర్తింపు రాకపోవడం విచారకరం.

ఈ దయ మొలక దశలోనే బయటపడుతుంది. ముల్లంగి మొలకల మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం ఉండాలి, మిగతావి తీసేయాలి. తీయడానికి మనసొప్పదు కనక అన్నీ ఉంటాయి. ఆకు గుబురుగా వస్తుంది, కింద దుంప మాత్రం దారప్పోగులా ఉంటుంది. పన్నెండు అంగుళాల కుండీలో ఒక్క టమాటా మొక్కే పెట్టాలన్న నియమాన్నీ ఇలాంటి మానవతావాదులే నాలుగు మొక్కలతో సవరించారు. (కఠినాత్ములకో సూచన: మొలకను పీకితే పక్కదాని వేరు కదులుతుంది. మట్టికి ఆనుకుని కాడను కత్తెరతో కత్తిరించండి.)

నీళ్ల విషయంలో ఔదార్యం ఇంకా గొప్పది. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఆ పూటకు ఆగాలి. కానీ ప్రేమ వేలితో కొలిచేది కాదు కదా. నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడకపోతే ఆకులు వాలిపోతాయి. వాలిన ఆకును చూసి జాలితో ఇంకో చెంబు పోస్తారు. రెండు రోజులు ఎండగట్టి మూడోనాడు ముంచెత్తే వారిది మరో సంప్రదాయం. వారి టమాటాలకు అడుగున నల్లటి మచ్చ వస్తుంది. మట్టిలో కాల్షియం ఉన్నా అది నీటితోపాటే కాయకు చేరాలి, నీటి వరస తప్పితే చేరదు. అయినా నేరం మట్టి మీదే మోపి గుడ్డు పెంకులు చల్లుతారు. అవి కరిగేలోపు ఆ పంటే అయిపోతుంది.

దయకు పరాకాష్ఠ మాత్రం బెండే. పువ్వు ఒక్కరోజు విచ్చుకుని వాడిపోతుంది. అక్కణ్నుంచి నాలుగు నుంచి ఆరు రోజుల్లో కాయ కోతకు వస్తుంది. మూడు నాలుగు అంగుళాలు ఉన్నప్పుడు, కొన వంచితే టప్పున విరుగుతున్నప్పుడు కోయాలి. కాపు మీదున్న మొక్కను రోజు విడిచి రోజు తప్పకుండా చూడాలి, ఎండ ఎక్కువగా ఉంటే రోజూ. ఆదివారం దాకా ఆగితే కొన విరగదు, వంగుతుంది. పీచు పట్టిందని అర్థం. యజమానికి మాత్రం అది పొడుగు పెరిగిందన్న గర్వకారణం.

ఇక్కడ మొక్క ఉద్దేశం కూడా వినాలి. మనం వండుకుంటామని దానికి తెలియదు. దానికి కావలసింది గింజ. రెండు మూడు కాయలు ముదిరితే తిండంతా ఆ గింజలకే మళ్లుతుంది, కొత్త పూత మందగిస్తుంది. బీర, దోస, చిక్కుడుదీ ఇదే వరస. చూపరుల కోసం ఉంచిన ఒక్క భారీ కాయ, రావలసిన పిందెలకు అడ్డం పడుతుంది. అప్పుడు యజమాని “పూత ఆగిందేమిటి?” అని ఎరువు వేస్తాడు. అందులో నత్రజని ఎక్కువైతే ఆకు ఇంకా ఏపుగా వస్తుంది, పూత రాదు. తోట పచ్చగా ఉందని అందరూ మెచ్చుకుంటారు.

వంకాయకు పరీక్ష దాని మెరుపే. తోలు నిగనిగలాడినన్నాళ్లే లేత, మెరుపు పోయిందంటే లోపల గింజ గట్టిపడినట్టే. లాగితే కొమ్మ చీలుతుంది, తొడిమతో సహా కత్తిరించాలి. తోటకూరను నేలకు రెండు మూడంగుళాలు వదిలి కోస్తే పక్క చిగుళ్లు లేస్తాయి. కోయకుండా పూజిస్తే కంకి వేస్తుంది. టమాటా రంగు తిరగడం మొదలవగానే కోసినా ఇంట్లో పండుతుంది. చెట్టునే ఎర్రబడాలని పట్టుబడితే మొదటి గాటు పక్షిది.

విచిత్రమేమిటంటే, నిజంగా ఆగాల్సిన చోట ఈ దయామయులకు ఓపిక ఉండదు. నిలవకు ఉంచాలంటే గుమ్మడిని తొడిమ ఎండి గట్టిపడేదాకా, గోరు గుచ్చితే తోలులో దిగనంతదాకా తీగనే ఉంచాలి. కోసేటప్పుడు రెండంగుళాల తొడిమ వదలాలి, లేకపోతే అక్కణ్నుంచే కుళ్లు మొదలవుతుంది. ఆ గుమ్మడిని మాత్రం పచ్చిగానే, తొడిమ ఊడేలా తెంపుకొస్తారు.

ముదిరిన బెండ గురించి ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: “విత్తనానికి వదిలాం.” విత్తనానికి వదిలేవారు బలమైన మొక్కను ముందే ఎంచి, దాని కాయలకు దారం కట్టి, మిగతా మొక్కలను మామూలుగా కోస్తూ, నెల పైనే ఆగుతారు. కాయ గోధుమరంగుకు తిరిగి ఎండి, గీతల వెంట పగలడం మొదలైనప్పుడు తీస్తారు. వీరు వదిలింది తోట మొత్తాన్ని. పైగా విత్తనాల ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని పెద్దక్షరాలతో ఉంది, ఆ గింజలు వేస్తే వచ్చే ఏడాది ఒక్కో మొక్క ఒక్కో తీరుగా కాస్తుంది.