బాబాయి సంగతి వదిలేశారు

2006లో వచ్చిన ‘స్టార్మ్‌బ్రేకర్’ సినిమాను ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో ‘పిల్లల జేమ్స్ బాండ్’ అని ఒక్క మాటలో తేల్చేశారు. బాధేసింది. అందులో హీరో, 14 ఏళ్ల అలెక్స్, గూఢచారి కావాలని కోరుకోలేదు. తనను పెంచిన బాబాయి చనిపోయాకే, ఆయన బ్రిటన్ గూఢచారి సంస్థ ఎమ్‌ఐ6 ఏజెంట్ అని వాడికి తెలుస్తుంది. సరదాకి నేర్పించాడనుకున్నవన్నీ ట్రైనింగే! అక్కడ మా అబ్బాయి “అంటే బాబాయికి వాడంటే నిజంగా ఇష్టం లేదా నాన్నా?” అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక సినిమా ఆపేశాను. చాలాసేపు మాట్లాడుకున్నాం.

పాత కార్ల యార్డులో ఒట్టి తాడుతో అలెక్స్ చేసే ఫైట్ గురించి కూడా ఆ వ్యాసంలో రాయాల్సింది. ఫైట్లు హాంకాంగ్ యాక్షన్ హీరో డానీ యెన్ కంపోజ్ చేశారు. మావాడు దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. రెండో భాగం రాకపోవడం నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది.