ఆరంగుళాల షాకిలు, అరంగుళం బుర్ర

జీపు ఉన్న ప్రతి కుర్రవాడికీ ఒక గండకాలం వస్తుంది. ఉన్నట్టుండి బండి పొట్టిదనిపిస్తుంది. రెండంగుళాలు లేపాలి, వీలైతే నాలుగు లేపాలి, సిగ్నల్ దగ్గర పక్క కారు నెత్తి కనిపించాలి. కొత్త కమాను కట్టలంటే, అదే బండి బరువు మోసే ఉక్కు ఆకుల స్ప్రింగులంటే, డబ్బు. అందుకని ఆ కమానుని బండికి తగిలించే షాకిళ్లు పొడుగు చేయించి ఊరంతా చెప్పుకుంటాడు: "లోకల్‌గా లాగించేశాం అన్నా, బోల్టులతో కలిపి వెయ్యి దాటలేదు."

వెయ్యి దాటనందుకు ఎవరికీ బాధ లేదు. బాధంతా ఆ షాకిలుకి వేసిన చిల్లు గురించే.

షాకిలంటే రెండు ఇనప పట్టీలు, నాలుగు చిల్లులు. పై చిల్లులు ఛాసిస్‌కి, అంటే బండి చట్రానికి, కింది చిల్లులు కమాను కొసన ఉండే కన్నుకి. గుంతలో పడి కమాను అణిగితే దాని పొడుగు పెరుగుతుంది, ఆ పొడుగుకి చోటిస్తూ ఊగడమే షాకిలు ఉద్యోగం. పట్టీ ఎవడైనా కోస్తాడు, పనితనమంతా చిల్లులోనే ఉంది. 14 మిల్లీమీటర్ల బోల్టుకి 14 మిల్లీమీటర్ల చిల్లు, గుండ్రంగా, నిటారుగా, రెండు పట్టీల్లోనూ ఒకే దూరంలో ఉండాలి. అడిగింది ఇంతే. మన వీధి చివరి వెల్డింగ్ షాపులో మాత్రం దాన్ని డ్రిల్లుతో వెయ్యరు, గ్యాస్ మంటతో ఊదుతారు.

ఎందుకు ఊదుతారన్నదానికి కూడా ఒక శాస్త్రం ఉందండోయ్. పట్టీ కోసం మేస్త్రి పాత ఇనప కొట్టు నుంచి విరిగిన లారీ కమాను ఆకు తెస్తాడు. "లారీనే మోసింది, నీ జీపొక లెక్కా!" అది పదును పెట్టి గట్టిచేసిన ఉక్కు. డ్రిల్లు పెడితే బిట్టు కీచుమని జారి మొన మాడిపోతుంది. డ్రిల్లు దిగలేదు కాబట్టి గ్యాసు. మంట తగిలిన అంచు గభాల్న చల్లారి గాజులా పెళుసవుతుంది. ఆ పెళుసు పట్టీలకే మధ్యలో అడ్డపట్టీ పెట్టి వెల్డింగ్ చేస్తారు, వెల్డు పక్కనే వెంట్రుకంత పగులు వస్తుంది. లారీని మోసిన ఉక్కు జీపు కింద చేరి చేగోడీలా విరుగుతుంది.

చిల్లు ఊదే ఘట్టం కళ్లారా చూడాల్సిందే. మేస్త్రి సుద్దముక్కతో కొలత గీస్తాడు. ఆ గీత మందమే మూడు మిల్లీమీటర్లు. గీతకి ఇవతలా అవతలా అన్నది ఆయన ఆనాటి మనోధర్మం. నల్లద్దాలు లేవు కనక మొహం పక్కకి తిప్పి మంట పెడతాడు. అంటే చిల్లు పడే శుభ ముహూర్తాన దాన్ని చూస్తున్నవాడు లోకంలో ఒక్కడూ ఉండడు. పడుతుంది. పైన 18, అడుగున 16, ఆకారం కోడిగుడ్డు. రెండు పట్టీలు జోడించి వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే ఒక కన్ను కొట్టినట్టు కనిపిస్తాయి. "పెద్దదైందేమో?" అంటే "వాషరేద్దాం." "చిన్నదైందేమో?" అంటే "కొడదాం." వెల్డింగ్ షాపు వేదాంతంలో మహావాక్యాలు ఈ రెండే.

తర్వాత బిగింపు. ఒక పక్క బోల్టు దిగింది. రెండో పక్క చిల్లు ఐదు మిల్లీమీటర్లు తప్పింది. ఒక కుర్రాడు గునపంతో కమానుని తోస్తాడు. ఇంకొకడు బంపరెక్కి గెంతుతాడు. మేస్త్రి సమ్మెట అందుకుంటాడు. ఓనరు వీడియో తీస్తాడు. "కొడితే దిగుద్దిలే అన్నా." దిగుతుంది, సమ్మెటకి దిగనిది ఏముంది! బోల్టు మరలు చిదుగుతాయి, కమాను కన్నులో కూర్చునే బుష్షు రబ్బరు పక్కకి నలిగి ఉబ్బుతుంది. తీరా గట్టిగా బిగిస్తే షాకిలు కదలదు. "ఆడాలి కదన్నా" అని నట్టు అర చుట్టు వదులు చేస్తారు. వదులైన నట్టు ఊడిపోకుండా దాని మీద ఒక చిన్న వెల్డింగ్ చుక్క, టాకా! రోగం, మందు, శవయాత్ర అన్నీ ఒకే షెడ్డులో.

డ్రిల్లుతో చెయ్యడం బ్రహ్మవిద్యేం కాదు. కొత్త ఎంఎస్ ఫ్లాటు, అంటే మెత్తటి ఉక్కు పట్టీ, కొనాలి, 50 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం. ఒక ఇరుసుకి నాలుగు ముక్కలు. నాలుగింటినీ పేర్చి అంచున టాకాలు వేసి ఒకే దిమ్మ చెయ్యాలి. చిల్లు నడుమ గుర్తుగా సెంటర్ పంచ్ కొట్టి, పిల్లర్ డ్రిల్లు మీద ముందు 5, తర్వాత 10, ఆఖర్న 14 బిట్టు. ఆఖరి బిట్టుకి నిమిషానికి 500 చుట్లు చాలు, కటింగ్ ఆయిల్ పోస్తూ ఉండాలి. టాకాలు గ్రైండరుతో కోసేస్తే నాలుగు పట్టీలూ కవలపిల్లలే. చిల్లు నడుమ నుంచి పట్టీ అంచుకి కనీసం 21 మి.మీ., అంటే బోల్టు మందానికి ఒకటిన్నర రెట్లు, మిగలాలి. పొడుగు లెక్క చిల్లు నడుమ నుంచి చిల్లు నడుమకే. కొస నుంచి కొసకి కొలిచేవాడి చేతిలో టేపు లాక్కోవడం పుణ్యం.

బోల్టు తల మీద దాని బలం చెప్పే అంకె 8.8 గానీ 10.9 గానీ ఉండాలి. మరలు లేని నున్నటి భాగం రెండు పట్టీల్లోనూ కూర్చోవాలి. ఒళ్లంతా మరలున్న బోల్టు చిల్లులో ఆకురాయిలా పనిచేస్తుంది, గుండ్రటి చిల్లుని కూడా కోడిగుడ్డు చేస్తుంది. బుష్షు లోపలి ఇనప గొట్టం రబ్బరుకన్నా అర మిల్లీమీటరు పొడుగ్గా ఉంటే పట్టీలు ఆ గొట్టాన్ని బిగిస్తాయి, ఆడే పని రబ్బరు చూసుకుంటుంది. "ఆడాలి కదన్నా" అన్న మేస్త్రికి ఏది ఆడాలో తెలియదు, అంతే తేడా. ఆఖరి బిగింపు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు పుట్టుకతోనే మెలిక పడి త్వరగా చిరుగుతుంది.

ఎత్తు లెక్క చూద్దాం. షాకిలు 100 మి.మీ. పెంచితే బండి లేచేది 50. ఇరుసు కమాను నడుమ ఉంది, నువ్వు దించింది ఒక కొసే. మిగతా 50 కమాను వాలడానికే పోతుంది. కమాను కళ్ల మధ్య 900 మి.మీ. ఉంటే ఆ వాలు 6 డిగ్రీలు. మన పాత జీపుల్లో, మారుతి జిప్సీల్లో ముందు కమానుకి షాకిలు ముందు కొసనే కనక ఇరుసు ముందుకి బోర్లుతుంది. క్యాస్టర్, అంటే స్టీరింగ్ తనంతట తిన్నగా వచ్చేలా ఇచ్చే వెనక్కి వాలు, అసలు ఉండేదే 3 డిగ్రీల చుట్టుపక్కల. అది పోగా ఇంకా మూడు బాకీ. స్టీరింగ్ వదిలితే తిన్నగా రాదు, వేగమందుకుంటే ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు ఊగుతాయి. అప్పుడు టైర్లు మారుస్తారు, బ్యాలెన్సింగ్ చేయిస్తారు, ఊగు ఆపడానికి స్టీరింగ్ డ్యాంపరు వేయిస్తారు. షాకిలు జోలికి మాత్రం పోరు, అది తమ సొంత బిడ్డ. వెనక ఇరుసుకైతే ప్రొపెల్లర్ షాఫ్టు వచ్చి తగులుకునే పినియన్ మూతి పైకి లేచి ఆ షాఫ్టు కీళ్లు, అదే క్రాసులు, గొణుగుతాయి. షాకిలు పెంపు 25, మహా అయితే 40 మి.మీ. దగ్గర ఆపినవాడు బతికిపోతాడు.

2020లో వచ్చిన కొత్త థార్ కింద కమాన్లే లేవు, నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులే. దాన్ని తెచ్చి "షాకిళ్లు పెంచాలి" అన్నా కాదనే మేస్త్రి ఆ వీధిలో దొరకడు. మోటారు వాహనాల చట్టం 182ఏ కింద అనుమతి లేని మార్పు ఒక్కింటికి 5,000 జరిమానా. చిల్లుకొకటి చొప్పున లెక్కగడితే బావుండును.

రెండేళ్లకి సరదా తీరి బండి అమ్మకానికి పెడతాడు. పాత మహీంద్రా మేజర్ జీపుని కొనేదెవరు? పాడేరు, అరకు వైపు సర్వీసు తోలుకునేవాడు. కొన్నాక కింద దూరి చూస్తే నల్ల పెయింటు నిగనిగలాడుతుంది, దాని కింద కోడిగుడ్డు చిల్లు కనిపించదు. సంత రోజున లోపల పది మంది, వెనక మెట్టు మీద నలుగురు, టాపు మీద పసుపు బస్తాలు. మలుపులో ఆ బరువంతా ఒక మూలకి దిగుతుంది. అది ఆనేది ఎక్కడ? నువ్వు వీడియో తీస్తూ పకపకా నవ్వుతుంటే మొహం తిప్పుకుని ఊదిన తూటు మీద. పట్టీ విరిగితే ఛాసిస్ ఆ మూలన కూలుతుంది, ఇరుసు పక్కకి లాగుతుంది, స్టీరింగ్ చేతిలో ఉండదు. పక్కన లోయ. నీకు ఎత్తు కావాలంటే నీ ఇంటి మెట్లెక్కి నిలబడు. పసుపు అమ్ముకుని చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకునే ఆడమనిషి ప్రాణం నీ వెయ్యి రూపాయల పొదుపులోకి ఎందుకు రావాలి? సిగ్గుండాలి. అమ్మే ముందు కంపెనీ షాకిళ్లు తిరిగి వేయించి అమ్మొచ్చు కదా, గంట పని!

వేయించడానికి అవి ఉంటేగా. మొదటి రోజే ఆ నాలుగు పట్టీలనీ పాత ఇనప కొట్టులో కిలో లెక్కన వేసేశారు. వచ్చిన డబ్బుతో అందరూ టీ తాగారు.