ఫిర్యాదు పరిష్కరించబడినది

కేంద్ర ప్రభుత్వం 2015 జూన్ 25న స్మార్ట్ సిటీస్ మిషన్‌ను ప్రారంభించినప్పుడు వెలువరించిన మార్గదర్శకాలు, స్మార్ట్ నగరమంటే ఏమిటన్న ప్రశ్నను తామే వేసుకుని, అందరూ అంగీకరించిన నిర్వచనమేదీ లేదని తామే జవాబు చెప్పుకున్నాయి. ప్రభుత్వ పత్రాలలో ఇంతటి నిజాయితీ అరుదు. నిర్వచనం లేని వస్తువు పూర్తయిందో లేదో ఎవరూ తేల్చలేరు కనుక దానిని ఎప్పుడైనా పూర్తయినట్టు ప్రకటించవచ్చు. అయినా గడువును పలుమార్లు పొడిగించి, 8 వేలకు పైగా ప్రాజెక్టులను జాబితాకెక్కించి, ఎంపికైన 100 నగరాలలోనూ నగరమంతటినీ ఒకేచోట నుంచి తెరల మీద గమనించే కమాండ్ కంట్రోల్ కేంద్రాలను నెలకొల్పిన తరువాతనే, 2025 మార్చి 31న మిషన్‌ను ముగించారు. ఆ వంద నగరాలను చూసి ఇప్పుడు ప్రతి పురపాలక సంఘమూ తనకొక యాప్ ఉండాలని ముచ్చటపడుతున్నది. ఈ తరుణంలో నివాసులకూ అధికారులకూ ఉమ్మడిగా పనికొచ్చే డిజిటల్ వేదికను ఎలా రూపొందించాలో కొన్ని సూత్రాలను సవినయంగా సమర్పించడం కర్తవ్యంగా భావిస్తున్నాను.

ముందుగా వాడుకరుల అవసరాలను స్పష్టంగా వేరు చేయాలి. నివాసికి కావలసినది కాలువలో పూడిక పోవడం. అధికారికి కావలసినది కాలువ మీద వచ్చిన ఫిర్యాదు పోవడం. ఈ రెండూ ఒకటేనని నమ్మినవారు ఇంతవరకూ ఏ వేదికనూ సకాలంలో పూర్తి చేయలేకపోయారు. పూడిక తీయాలంటే మనుషులు, పారలు, ట్రాక్టరు, ట్రాక్టరుకు డీజిలు, తీసిన మట్టి పోయడానికి స్థలం, కాంట్రాక్టరుకు పాత బిల్లు చెల్లింపు కావాలి. ఫిర్యాదును మూయడానికి ఒక వేలు చాలు. ప్రజాధనాన్ని పొదుపుగా వాడాలనుకునే రూపకర్త ఏది ఎంచుకోవాలో వేరే చెప్పనక్కరలేదు.

తరువాతిది ఫిర్యాదుల వర్గీకరణ. ఇది వేదికకు వెన్నెముక వంటిది కనుక ఇక్కడ తొందర పనికిరాదు. వీధి చివర ఆరిపోయిన దీపాన్నే తీసుకుందాం. స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. దాని మీది దీపం పురపాలక సంఘానిది. ఆ దీపం నిర్వహణ ఎల్‌ఈడీ కాంట్రాక్టు తీసుకున్న సంస్థది. స్తంభానికి గుత్తులుగా వేలాడే నల్లటి తీగలు కేబుల్ వారివి, ఇంటర్నెట్ వారివి, మరికొన్ని ఎవరివో వారికే తెలియనివి. స్తంభం నాటిన రోడ్డు కొన్నిచోట్ల రోడ్లు భవనాల శాఖది, కొన్నిచోట్ల జాతీయ రహదారుల సంస్థది. ఆ చీకటిలో కాలు జారి పడిన మనిషి ఒక్కడే ఏ శాఖకూ చెందడు. అందుచేత ఫిర్యాదుదారు ముందుగా సరైన శాఖను, ఆపై ఉపశాఖను ఎంచుకుంటే తప్ప ముందుకు వెళ్లలేని విధంగా తెరను అమర్చాలి. శాఖల మధ్య సరిహద్దులను తేల్చే పని దశాబ్దాలుగా సచివాలయం చేయలేకపోయింది. దానిని రాత్రి తొమ్మిదిన్నరకు టార్చిలైటు పట్టుకుని నిలబడిన పెన్షనరు చేతికి అప్పగించడాన్నే పౌర భాగస్వామ్యం అంటారు. ఆయన ఎంపిక పొరపాటైతే ‘ఈ అంశం మా పరిధిలోనిది కాదు’ అని రాసి ఫిర్యాదును మూయవచ్చు. లెక్కలో అదీ పరిష్కారమే.

గడువు సంగతి మరింత సున్నితమైనది. ప్రతి ఫిర్యాదుకూ, ఏ సేవ ఎంతకాలంలో అందాలో చెప్పే సిటిజన్ చార్టర్ ప్రకారం కొన్ని గంటలో, కొన్ని రోజులో గడువు ఉంటుంది. అది దాటితే ఫిర్యాదు అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) నుంచి డిప్యూటీ ఇంజనీరు (డీఈ)కి, డీఈ నుంచి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ)కి దానంతట అదే ఎక్కుతుంది, తెర మీద ఎరుపు కనిపిస్తుంది, సోమవారం సమీక్షలో కమిషనర్ ముందు ఒకరు లేచి నిలబడవలసి వస్తుంది. ఇంత కఠినమైన ఏర్పాటు మానవమాత్రుల మీద పెట్టినప్పుడు వారు గడువుకు ముందే ఫిర్యాదును మూయడం నేర్చుకుంటారు. పని గడువుకు ముందే కావాలని ఆ ఏర్పాటులో ఎక్కడా రాసి లేదు. మూసేముందు జియోట్యాగ్ (తీసిన చోటు గుర్తు) ఉన్న ఫోటో పెట్టాలన్న నిబంధన కొంతకాలం ఆందోళన కలిగించినా, ఫోటోలో స్థలం సరైనదై ఉంటే చాలునని, అందులో ఏమి కనిపిస్తున్నదో యంత్రం అడగదని త్వరలోనే తెలిసివచ్చింది. ఆ వీధిలో నిలబడి ఆకాశాన్ని తీసినా అక్షాంశ రేఖాంశాలు మారవు. తృప్తి చెందని పౌరుడు ఫిర్యాదును తిరిగి తెరవాలనుకుంటే అతనికి కొత్త నంబరు ఇవ్వాలి. దానివల్ల పాత నంబరు విజయాల ఖాతాలో భద్రంగా ఉంటుంది, కొత్త నంబరు రేపటి విజయానికి ముడిసరుకవుతుంది. ఒకే గుంత ఏడాదికి ఎన్ని పరిష్కారాలు పండించగలదో గుర్తించిన పట్టణం ర్యాంకులలో వెనుకబడే ప్రసక్తే లేదు.

ఇదే వేదికలో పన్నుల విభాగం మాత్రం ఎటువంటి సూచనలూ అవసరం లేనంత పరిపూర్ణంగా ఉంటుందని ఒప్పుకోవాలి. మన రెండు రాష్ట్రాలలోనూ ఏడాది ఆస్తి పన్నును ఏప్రిల్‌లోనే కట్టినవారికి 5 శాతం రాయితీ ఉంది, బకాయిపడినవారికి నెలకు 2 శాతం వడ్డీ ఉంది. ఈ లెక్కకు శాఖ, ఉపశాఖ ఎంచుకోనక్కరలేదు, ఫోటో పెట్టనక్కరలేదు, పరిధి వివాదం రాదు, నెల మారిన రాత్రే వడ్డీ చేరిపోతుంది. కొందరు అతివాదులు దీనిని చూసి, పురపాలక సంఘం పని ఆలస్యం చేసినప్పుడు అదే 2 శాతాన్ని పన్నులోంచి తగ్గించే ఏర్పాటు కూడా ఉండాలని అడుగుతున్నారు. సాంకేతికంగా ఇది ఒక పూట పని. లెక్క కట్టే సూత్రం ఇప్పటికే ఉన్నది, కూడికను తీసివేతగా మార్చడమే తరువాయి. ఇంత సులభమైనది కనుకనే ఈ కోరికను మొగ్గలోనే తుంచాలి. ఒక వేదికలో గడియారం రెండువైపులా నడవడం మొదలైతే ఆర్థిక విభాగం ఏ వైపు చూడాలి?

ఇక అధికారులు చూసే భాగం. కమాండ్ కంట్రోల్ కేంద్రంలో గోడంత తెర, దాని ముందు వరుసగా కుర్చీలు, వచ్చిన అతిథుల కోసం వెనుక అద్దాల గది ఉండాలి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ కేంద్రాలే వార్‌రూములుగా మారి నిజంగానే అక్కరకు వచ్చాయన్నది కాదనలేము. అయితే ఆ రోజులలో తెర ముందు ఫోన్ ఎత్తే మనుషులను కూర్చోబెట్టారు కనుక దానిని సాంకేతిక విజయాల కింద రాయవచ్చునా అన్నది పరిశీలించవలసిన విషయం. తెర మీద వార్డులకు రంగులు వేసేటప్పుడు, ఫిర్యాదులు ఎక్కువైన చోట ఎరుపు, ఫిర్యాదులే లేనిచోట పచ్చ అనేది అమలులో ఉన్న సంప్రదాయం. దీని ప్రకారం గేటు ముందు కొబ్బరి మట్ట పడినా మూడు ఫిర్యాదులు పెట్టే విశ్రాంత ఉద్యోగుల కాలనీ నగరంలోకెల్లా నరకప్రాయమైన చోటు. ఊరి చివర గుట్ట మీద వారానికి రెండుసార్లు ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే బస్తీ, అక్కడివారు యాప్ దించుకోలేదు కనుక, నిత్యం పచ్చగా ఉంటుంది. అమెరికాలోని బోస్టన్ నగరం కారులో పెట్టిన ఫోను కుదుపులను బట్టి రోడ్ల గుంతలు కనిపెట్టే స్ట్రీట్ బంప్ అనే యాప్‌ను తెచ్చినప్పుడు, స్మార్ట్‌ఫోన్లు తక్కువగా ఉన్న పేదల పేటల గుంతలు లెక్కకు రాకుండా పోతాయన్న సంగతిని అక్కడివారు ఒక లోపంగా భావించి చర్చించుకున్నారు. మనం దానిని లోపమనుకోలేదు. ట్యాంకరు ఖర్చు లేకుండా వార్డును పచ్చగా ఉంచగల విధానాన్ని ఎవరు వదులుకుంటారు?

నివాసులు, అధికారులు అని వేదికకు రెండు ద్వారాలే ఉండటాన్ని కొందరు తప్పుపడుతున్నారు. కార్పొరేటరుకు, మేయరుకు ద్వారమేదని వారి ప్రశ్న. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 18 అంశాలను పన్నెండో షెడ్యూలులో చేర్చి, వాటిని పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించవచ్చునని చెప్పిన మాట వాస్తవమే. కానీ స్మార్ట్ సిటీ పనులను చూసుకోవడానికి మార్గదర్శకాలు ప్రతి నగరంలోనూ కంపెనీల చట్టం కింద ఒక ప్రత్యేక సంస్థను, దానికొక సీఈఓను ఏర్పరచాయి. పైగా విశాఖపట్నం, కాకినాడ 2016 జనవరిలో మొదటి 20 నగరాల జాబితాలోకి, తిరుపతి అదే ఏడాది సెప్టెంబరులో మరో జాబితాలోకి ఎక్కినప్పుడు ఆ మూడు చోట్లా ఎన్నికైన పాలకవర్గమే లేదు. కాకినాడకు 2017లో, విశాఖకూ తిరుపతికీ 2021లో ఎన్నికలు జరిగాయి. లేనివారికి ద్వారం పెట్టలేదని రూపకర్తను నిందించడం న్యాయం కాదు. ప్రజాభిప్రాయానికి లోటేమీ రాలేదు. ఆన్‌లైన్ ఓటింగులు, లోగో పోటీలు, వ్యాసరచన పోటీలు దేశమంతటా ఘనంగానే జరిగాయి.

ఈ వేదికకు పోటీగా ప్రతి పట్టణంలోనూ అనుమతి లేని మరొక వేదిక నడుస్తున్నదని ఇక్కడ హెచ్చరించాలి. అది నీళ్లు వదిలే వాల్వు తిప్పే మనిషి. ఆయన ఫోన్ నంబరు వీధిలోని ప్రతి ఇంట్లో గ్యాస్ బండ నంబరు పక్కనే రాసి ఉంటుంది. ఏ వీధికి ఏ వేళ ఒత్తిడి తగ్గుతుందో, ఎవరు కుళాయికి మోటారు బిగించారో, ఎక్కడ పైపు పగిలి మురుగు కలుస్తున్నదో ఆయనకు సెన్సర్లు లేకుండానే తెలుసు. ‘అన్నా, ఇయ్యాల నీళ్లొస్తాయా?’ అని అడిగితే ఓటీపీ కోరకుండా, రేటింగు ఆశించకుండా, ‘మోటరు కాలిపోయిందమ్మా, రేపు పొద్దున్నే వదుల్తా’ అని ఒక్క ముక్కలో చెబుతాడు. ఇటువంటి సమాచారం ఎక్కడా నమోదు కాకుండా నేరుగా ప్రజలకు చేరడం పాలనా దృష్ట్యా శ్రేయస్కరం కాదు. ఆయన ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి కాబట్టి, జీతం రెండు మూడు నెలలకొకసారి ఇవ్వడం ద్వారా ఈ ధోరణిని ఇప్పటికే కొంతవరకు అదుపులో ఉంచగలుగుతున్నాము.

చివరిగా, వేదిక మీదనే ఫిర్యాదు చేయదలచినవారి సౌకర్యం చూడాలి. యాప్ తెరుచుకోకపోతే ఆ విషయాన్ని యాప్‌లోనే తెలపాలి. తెరుచుకున్నవారు మాత్రం జాబితా అడుగున ఉన్న ‘ఇతరములు’ను ఎంచుకోవచ్చు. ‘ఇతరములు’కు బాధ్యులెవరో ప్రాజెక్టు సవివర నివేదిక (డీపీఆర్)లో రాయలేదు కనుక ప్రస్తుతానికి వాటిని శానిటరీ ఇన్‌స్పెక్టరుకు పంపితే సరిపోతుంది. ఆయన చెత్త ఎత్తించిన ఫోటో ఒకటి జతచేసి 48 గంటలలోగా మూసేస్తారు.