కాంక్రీటుకు ఐసు వేస్తాం, మనిషికి నీడ ఇవ్వం

చెన్నైలో పదకొండేళ్లుగా సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఈ పోస్ట్ ఎప్పుడో రాయాల్సింది, ఉద్యోగానికి భయపడి రాయలేదు.

మే నెలలో స్లాబ్ వేయాలంటే మేం పడే జాగ్రత్త మీరు చూడాలి. ప్లాంటులో నీళ్లతో పాటు ఐసు కలిపిస్తాం, కంకర మీద నీళ్లు చల్లిస్తాం, పొద్దు వాలేదాకా ఆగి పోయడం మొదలుపెడతాం. 40 డిగ్రీలు దాటిన ఎండలో కాంక్రీటు ఎలా వేయాలో చెప్పడానికి ఐఎస్ 7861 అని ఒక కోడే (నిర్మాణ నియమావళి) ఉంది. పోశాక మామూలుగా 7 రోజులు, ఎండాకాలమైతే 10 రోజులు తడుపుతూనే ఉండాలి. ఒక్క పూట ఈ తడపడం (క్యూరింగ్) తప్పితే నాకు మెమో వస్తుంది. అదే స్లాబ్ మీద మధ్యాహ్నం ఒంటిగంటకు, చెయ్యి పెడితే చురుక్కుమనే కడ్డీల మధ్య కూర్చుని బైండింగ్ వైరు కట్టే మనిషిని ఎప్పుడు ఆపాలో ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు. ఒంట్లో వేడి 40 దాటితే మనిషికి వడదెబ్బే, ఆలస్యమైతే ప్రాణమే పోతుంది.

రెండేళ్ల కిందట ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన ఒక సైట్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాడు పనిలోకి దిగిన రెండో రోజే పడిపోయాడు. పొద్దున పదకొండుకే "తల తిరుగుతోంది బాబూ" అన్నాడు. "కొత్త కదా, అలవాటవుతుందిలే" అన్నాడు గుంపు మేస్త్రి. నేనక్కడే ఉన్నాను, విన్నాను, ఏమీ అనలేదు. రెండున్నరకి కడ్డీల మీదే ఒరిగిపోయాడు, ఒళ్లు పెనంలా కాలుతోంది, మాట తడబడుతోంది, పక్కనున్న సొంత అన్ననే గుర్తుపట్టలేదు. ట్యాంకరు పైపు పెట్టి తల నుంచి కాళ్లదాకా తడుపుతూ, తడి గోనెలు చుట్టి (క్యూరింగ్ కోసం తెచ్చిన గోనెలే) ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికాడు. రిజిస్టర్లో "అస్వస్థత" అని రాశారు, ఆ రోజుకి సగం కూలి ఇచ్చారు.

అలవాటవుతుందన్న మాట అబద్ధం కాదు, కానీ ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ మొదటి రోజుల్లోనే. కొత్తవాడికి మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు చాలు, తర్వాత రోజూ కొంచెం పెంచుకుంటూ పోవాలి. మనం కొత్తవాడికే బరువు మోసే పని చెప్తాం.

"మా రెంటచింతలలో ఇంతకన్నా ఎండలు, ఇది ఒక ఎండా" అనేవాళ్లకు ఒక మాట. ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. ఇక్కడ సముద్రపు తేమలో చెమట ఆరదు, అందుకే ఇక్కడ 37 చూసి ధైర్యపడకూడదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. 2015 మేలో దేశంలో వడగాల్పులకు 2000 మందికి పైగా పోతే అందులో చాలామంది మన రెండు రాష్ట్రాలవాళ్లే.

తమిళనాడు ప్రభుత్వం 2024లో వడగాల్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. మంచిదే. కానీ ఎండలో పనిచేస్తూ పోయినవాడి కాగితం మీద గుండెపోటు అని పడితే ఆ ఇంటికి ఏం వస్తుంది? 2014లో చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న భవనం కూలి 61 మంది పోయినప్పుడు దేశమంతా చూసింది, అందులో మనవాళ్లు ఎంతోమంది. ఎండకు పోయేవాళ్లు ఒక్కొక్కరుగా, చప్పుడు లేకుండా పోతారు.

మజ్జిగ పంచండి, నీళ్లు పెట్టండి, కాదనను. "మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రాకండి" అని ప్రకటనలూ ఇవ్వండి. కానీ రోజు కూలివాడు ఆ మాట వింటే సాయంత్రం బియ్యం ఎలా కొంటాడు? నేను అడిగేది ఒక్కటే, కూలి కోయకుండా మధ్యాహ్నం విరామం, అదీ చట్టంతో. పక్కనే కేరళలో వేసవి వస్తే ఎండలో చేసే పనులకు 12 నుంచి 3 దాకా విరామం ఇవ్వాలని కార్మిక శాఖ ఆర్డరు వేస్తుంది. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట పని నిషేధం, మన కరీంనగర్, నిజామాబాద్ నుంచి వెళ్లినవాళ్లని అడగండి, చెప్తారు. అక్కడ బిల్డింగులు లేవడం ఆగిపోయిందా?

వచ్చే వేసవికి నా సైట్లో పొద్దున 6కి మొదలుపెట్టి 11:30కి ఆపి, మళ్లీ 3:30 నుంచి 6 దాకా పని, మొత్తం ఎనిమిది గంటలు, పూర్తి కూలి, కొత్తవాళ్లకు మొదటి వారం తేలిక పని అని షెడ్యూల్ రాసి పైకి పంపాను. ఇంకా జవాబు రాలేదు.